రెండో కుంచె

ఆరో వార్డు గుమ్మం దాటగానే ఎడమచేతి వైపు గోడకు ఒక నల్లబోర్డు ఉంటుంది. రోజూ పొద్దున్నే దాని మీద సుద్దముక్కతో మంచాల నంబర్లు వరసగా రాయడం హెడ్ నర్సు పని. ఆ పని ఆవిడ ఇంకొకరి చేతికి ఇవ్వగా ఎవరూ చూడలేదు. ఒంట్లో బాగాలేక సెలవు పెట్టిన రోజు కూడా ఫోను చేసి, నంబర్లు చెప్పి, రాసినవి మళ్ళీ చదివించుకునేది. అందుకే ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి బోర్డు సిస్టర్ అంటారు. మొహం మీద కాదులెండి. ఆవిడకు కోపం ముక్కు మీదే ఉంటుందని తెలియనివాళ్ళు అక్కడ లేరు.

బోర్డు నెత్తిన తెల్లరంగుతో, చెరగకుండా, మూడు మాటలు రాసి ఉన్నాయి: బరువు మంచం ముందు. బరువు మంచం అంటే వార్డులో అందరికంటే ఎక్కువ జబ్బుతో ఉన్న మనిషి పడుకున్న మంచం. పన్నెండేళ్ళ కిందట ఆవిడ ఈ వార్డుకు వచ్చిన కొత్తలో, గొంతులోంచి కఫం లాగే మిషను పెట్టిన బండి ఒకటో మంచం దగ్గర బయల్దేరి ఇరవయ్యో మంచం దాకా నింపాదిగా వెళ్ళేది. ఇరవయ్యో మంచంలో మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే, ఒకటో మంచంలో కూర్చుని పేపరు తిరగేసే ఆయనకు ముందు గొంతు శుభ్రం చేసేవారు. అది చూసి ఆవిడకు ఒళ్ళు మండింది. ఎవరి బాధ ఎక్కువైతే వాళ్ళ దగ్గరికే బండి ముందు వెళ్ళాలని పట్టుబట్టి రూలు పెట్టించింది. పైవాళ్ళు మెచ్చుకుని ఇచ్చిన పత్రం అద్దాల ఫ్రేములో ఆ బోర్డు పక్కనే వేలాడుతోంది.

ఈసారి వచ్చింది గొంతులో మొదలై ఊపిరితిత్తుల్లోకి దిగే జ్వరం. మొదటి రెండు నెలలు ఊరిని గడగడలాడించింది. ఆ తర్వాత ఊళ్ళో నెమ్మదించింది. మూడు రోజులు గొంతు నొప్పి, ఒక రోజు జ్వరం, అయిదో రోజు పనికి వెళ్ళిపోవడం. ఇదేం జ్వరం, పని ఎగ్గొట్టడానికి కూడా చాలడం లేదని జనం నవ్వుకునే దాకా వచ్చింది. ఆరో వార్డులో మాత్రం నవ్వేవాళ్ళు లేరు. పెద్దవాళ్ళనీ ఆయాసం ఉన్నవాళ్ళనీ జాగ్రత్త కోసమని చేర్చుకుంటే, తమ కాళ్ళ మీద నడిచి వచ్చినవాళ్ళు పది రోజులు తిరక్కుండా నోట మాట లేకుండా పడిపోతున్నారు. ఆ ఒక్క నెలలోనే పదకొండు మంది పోయారు.

పద్నాలుగో మంచంలో బోర్డు సిస్టర్ అత్తగారు ఉంది. ముప్ఫై ఏళ్ళు బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం అయిపోయినా విజిల్ మాత్రం మెడలోంచి దిగలేదు. కొడుకు సరుకుల ఓడ మీద పనిచేస్తూ ఆరు నెలలకోసారి ఇంటికి వస్తాడు కాబట్టి, ఇంట్లో అత్తాకోడళ్ళు ఇద్దరే. ఇద్దరికీ నోరుంది. పక్కింటివాళ్ళకు రేడియో అవసరం లేకపోయింది. అత్తగారికి గొంతు నొప్పితో పాటు కాస్త ఆయాసం కనిపించగానే, "ఇంట్లో ఎందుకు అత్తయ్యా, నా కళ్ళ ముందుంటే నాకు నిశ్చింత" అని చెప్పి కోడలే తెచ్చి వార్డులో చేర్పించింది.

అత్తగారు మొదటి రోజు నుంచే వార్డును బస్సు చేసేసింది. బండి తన మంచం ముందుకు రాగానే ఒక పొడుగు విజిల్ వేసేది. అంటే ఆగమని. తన గొంతు శుభ్రం చేయడం అయ్యాక రెండు పొట్టి విజిళ్ళు. అంటే రైట్ రైట్, పోనివ్వమని. పక్క మంచాలవాళ్ళు దగ్గుకుంటూనే నవ్వేవారు. "ఇది ఆసుపత్రి అత్తయ్యా" అని కోడలు కసిరితే, "అందుకే కదమ్మాయ్, టికెట్ అడగడం లేదు" అనేది.

ఒక మధ్యాహ్నం బోర్డు సిస్టర్ బావ, అంటే అక్క మొగుడు, కింద ల్యాబులోంచి రెండు గాజు పళ్ళేలు పట్టుకుని పైకి వచ్చాడు. ముప్పూటలా ఆ పళ్ళేల్లో క్రిముల్ని పెంచి చూడడం ఆయన పని. మెట్లెక్కడం ఆయనకు గిట్టదు. ఎక్కాడంటే విషయం ఉన్నట్టే.

"తీరిక ఉందా మరదలా?"

"తీరిక ఉన్న మొహంలా కనిపిస్తున్నానా బావా?"

"అయితే నిలబడే విను." ఆయన పళ్ళేలు రెండూ కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. రక్తం కలిపి గడ్డకట్టించిన జెల్లీ మీద క్రిమి చుక్కలు చుక్కలుగా పెరిగి ఉంది. "ఇది ఊళ్ళోవాళ్ళ గొంతులోంచి తీసింది. ఇది నీ వార్డులో మూడో మంచం మేస్త్రిది. ఒకే క్రిమి. ఒకే రోజు వేశాను."

ఊరి పళ్ళెంలో చుక్క చుట్టూ రక్తం కరిగిన జాగా గోటి అంచంత ఉంది. మేస్త్రి పళ్ళెంలో చుక్క చుక్కకూ రక్తం పూర్తిగా కరిగి పెద్ద తేట వలయం పడి, వెనక ఉన్న బావ వేళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"ఊళ్ళో సాధువు, ఇక్కడ రౌడీ అంటావు."

"పుట్టుక ఒకటే. పెంపకంలో తేడా వచ్చింది." బావ గొంతు తగ్గించాడు. "మనిషిని మంచాన పడేసే క్రిమి ఊళ్ళో ఎంత దూరం పోతుంది చెప్పు? ఆ ఇంటి గుమ్మం దాటదు. కాస్త గొంతు నొప్పి పెట్టి ఊరుకునేదైతే ఆ మనిషితో పాటే బస్సెక్కుతుంది, బజారుకెళ్తుంది, నలుగురికీ అంటుకుంటుంది. అందుకని ఊళ్ళో మెత్తనిదే మిగిలింది. దాని మంచితనం ఏమీ లేదు, గతిలేక."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ మనిషి లేవలేకపోయినా దానికేం ఇబ్బంది లేదు. ఎవరో మోసుకెళ్తున్నారు. ఎంత గట్టిగా పడేస్తే అంత కఫం, ఎంత కఫం ఉంటే అంత క్రిమి. మోసేవాళ్ళకు ముందు దొరికేది అదే. పళ్ళేలు చెప్పింది ఇంతవరకే, మిగతాది నా ఊహ. మోసేది ఎవరో నాకు తెలియదు. నేను కింద గదిలో ఉండేవాణ్ణి. నువ్వు చెప్పాలి."

ఆవిడ బండి వైపు చూసింది. చేతి తొడుగులు మంచం మంచానికీ మారుస్తారు. గొట్టాలు మారుస్తారు. కానీ బండిని తోసే పిడి? మిషను మీట? తువ్వాళ్ళు పెట్టే అర, చక్రాల దగ్గర కారిన తడి? పొద్దున ఆరింటికి ఆ బండి అందరికంటే ఉగ్రంగా ఉన్న క్రిమి దగ్గరికి పనిగట్టుకుని వెళ్ళి, దాన్ని ఎక్కించుకుని, మిగతా పంతొమ్మిది మంచాలకూ వరసగా పంచిపెడుతోంది. అదీ తను పెట్టిన రూలు ప్రకారం.  ఆ తర్వాత పద్నాలుగో మంచం మీద కూర్చుని పక్కావిడతో పోట్లాడుతున్న అత్తగారు కనిపించింది. అత్తగారిని ఇక్కడికి తెచ్చింది తనే కదా అనుకునేసరికి ఆవిడకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం తన మీదే.

పెద్ద డాక్టరు ఆసుపత్రి మొత్తానికి అధికారి. ఆవిడ చెప్పిందంతా కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు.

"కంగారు పడకండి సిస్టర్. ఏ క్రిమైనా కాలం గడిచేకొద్దీ దానంతటదే మెత్తబడుతుంది. ఊళ్ళో చూస్తున్నారుగా. ఇంకో రెండు మూడు వారాల్లో ఇక్కడా అంతే."

"ఊళ్ళో అది మనుషుల కాళ్ళ మీద తిరుగుతోంది సార్. ఇక్కడ దానికి బండి ఇచ్చాం. మెత్తబడాల్సిన అవసరం దానికేముంది? నాకు రెండో బండి కావాలి. బరువు మంచాలకు వేరే మనిషి కావాలి."

"బండి కోసం రాశాను, వస్తుంది. మనుషులు లేరు."

"అయితే వరస తిప్పేస్తాను. తేలిక మంచాలు ముందు, బరువు మంచం చివర."

ఆయన ముందుకు వంగాడు. "వాళ్ళ బంధువులు ఊరుకుంటారా? పేపర్లలో రాదూ, ప్రాణం మీదకొచ్చినవాణ్ణి చివర పెట్టారని? ఆ రూలు మీది. ఆ పత్రం మీది. మార్చొద్దు."

ఆవిడ లేచి వచ్చేసింది. వార్డులో పాత బ్లేడు ఒకటి వెతికి పట్టుకుని, స్టూలు ఎక్కి, బోర్డు నెత్తిన ఉన్న మూడు మాటల్నీ గీకి పారేసింది. పన్నెండేళ్ళ రంగు, అంత తేలిగ్గా రాలేదు. గోరు చిట్లింది. పత్రాన్ని ఫ్రేములోంచి తీసి మడిచి జేబులో పెట్టుకుంది. మర్నాటి వరస తలకిందులుగా రాసి, కింద ఇంకో వాక్యం చేర్చింది: ఈ వరస నేను మార్చాను, అడగాల్సింది నన్నే. దాని కింద సంతకం చేసింది. వార్డులో ఆయాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అందరికంటే బరువు మంచం మూడో నంబరు, తాపీ మేస్త్రిది. ఇన్నాళ్ళూ ఆరింటికల్లా బండి ఆయన దగ్గర ఉండేది. ఇకనుంచి తొమ్మిదిన్నర అవుతుంది. ఆ మాట ఆయనకు ఇంకొకరితో చెప్పించడం ఆవిడకు నచ్చలేదు. మంచం దగ్గర కూర్చుని చెప్పింది.

"మేస్త్రిగారూ, మిమ్మల్ని చివర పెడుతున్నాను. మీ జబ్బు పక్కవాళ్ళ మీదకు వెళ్ళకుండా. మధ్యలో ఊపిరాడకపోతే ఈ గంట కొట్టండి, నేనే వస్తాను."

మేస్త్రికి అప్పటికే మాట పడిపోయింది. గోడ గడియారం వైపు చూసి కళ్ళు మూసుకున్నాడు. ఒప్పుకున్నాడో తిట్టుకున్నాడో ఆవిడకు తెలియలేదు. ఆ రెండు రోజుల్లో మూడుసార్లు గంట మోగింది. మూడుసార్లూ ఆవిడే పరిగెత్తి, చేతిపంపుతో కఫం లాగి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని మళ్ళీ వరసలోకి వచ్చింది. మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి, బండి తొమ్మిదో మంచం దగ్గర ఉండగా, గంట మోగకుండానే మేస్త్రి పోయాడు.

మేస్త్రికి ఒక్కతే కూతురు. ముప్ఫై ఏళ్ళ మనిషి. తండ్రి గోడ కడితే తను రంగు వేసేది. ఆ రోజు కూడా పని మీద నుంచే వచ్చినట్టుంది, మోచేతుల దాకా రంగు చుక్కలున్నాయి. బోర్డు ముందు నిలబడి వరస మొత్తం చదివింది. చివరి నంబరు చదివింది. సంతకం చదివింది.

"ఈ సంతకం ఎవరిది?"

"నాది."

"మా నాన్న వంతు తొమ్మిదిన్నరకి. ఎనిమిదింటికే వెళ్ళిపోయాడు. అంతేనా?"

"అంతే. చివర పెట్టింది నేనే."

ముందు పెట్టినా ఆయన దక్కేవాడు కాదని డాక్టర్లు అంటున్నారు. ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అనలేదు. అది నిజమే అయినా ఆ కూతురికి పనికొచ్చే నిజం కాదు.

"మీవాళ్ళే ఆ మంచంలో ఉంటే ఇలాగే రాస్తావా నువ్వు?" అని అడిగింది మేస్త్రి కూతురు. జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు పొద్దున ఆవిడ వచ్చేసరికి పద్నాలుగో మంచంలోంచి విజిల్ వినపడలేదు. అత్తగారు గోడకు ఆనుకుని, ఒక్కో ఊపిరీ బలవంతాన లాక్కుంటోంది. కళ్ళు మాత్రం ఎప్పటిలాగే చురుగ్గా ఉన్నాయి. మర్నాడు తెల్లవారకముందే బావ అత్తగారి పళ్ళెం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. చేరినప్పటి పళ్ళెంలో గోటి అంచంత ఉన్న వలయం, ఇప్పుడు చుక్క చుక్కకూ పెద్దదై, ఒకదానికొకటి ఆనుకుపోయింది.

"నువ్వు వరస మార్చకముందే ఎక్కి ఉంటుంది మరదలా. ఇంతకాలం లోపల కాచుకుని కూర్చుంది. ఆ తర్వాత తేలిక మంచాల్లో ఒక్కటీ బరువెక్కలేదు, చూశావా?"

"చూశాను" అంది ఆవిడ. ఆయన ఓదార్పు చెప్పబోతున్నాడని తెలిసి, వినే ఓపిక లేక, సుద్దముక్క తీసుకుంది. ఒక్కో నంబరే రాసుకుంటూ వచ్చింది. పద్నాలుగు రాయాల్సి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. వెనక బండి ఆయా నెమ్మదిగా అంది: "సిస్టర్, ఒక్క రోజుకి పెద్దావిణ్ణి ముందు చేసేద్దాం. ఎవరూ ఏమీ అనుకోరు."

"నేను అనుకుంటాను" అని ఆవిడ పద్నాలుగును అట్టడుగున రాసింది.

సరిగ్గా ఆ పొద్దునే మేస్త్రి కూతురు తండ్రి సంచీ, చెప్పులు తీసుకువెళ్ళడానికి వచ్చింది. బోర్డు చూసింది. పద్నాలుగో మంచంలో ఎవరున్నారో ఆయాను అడిగి తెలుసుకుంది. సంచీ తీసుకుని వెళ్ళిపోలేదు. గుమ్మంలో, రాకపోకలకు అడ్డం లేకుండా, గోడకు చేరబడి నిలబడింది. ఆవిడ చేస్తుందో చెయ్యదో కళ్ళారా చూడాలనే నిలబడిందని వార్డులో అందరికీ అర్థమైంది.

బండి ఆరింటికి బయల్దేరింది. ఏడు. ఎనిమిది. అత్తగారి దగ్గు వార్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా వినబడుతోంది. ఎనిమిదింపావుకి గంట మోగింది. ఆవిడ చేతిపంపు తీసుకుని పరిగెత్తింది. కఫం లాగింది, స్నానం చేసి బట్టలు మార్చుకుంది, మళ్ళీ పదకొండో మంచం దగ్గర వరస అందుకుంది. తల తుడుచుకునే తీరిక లేక జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. తొమ్మిదిన్నరకు బండి పద్నాలుగో మంచం చేరింది. కోడలి కళ్ళు తడవడం చూసి అత్తగారు ఆమె చేతులు పట్టుకుంది.

"బస్సులో ఆఖర్న దిగేది ఎవరమ్మాయ్?"

"మీరే అత్తయ్యా. కండక్టరు."

"మరి ఏడుస్తావేం" అంది అత్తగారు, ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ. "ఈ ముదనష్టపు పురుక్కి ఇదే ఆఖరి స్టాపు. నా తర్వాత ఇంకెవరి దగ్గరికీ దానికి టికెట్ కొట్టకు. కొట్టావో, చూడు మరి."

బండి కడుక్కుని ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చింది. మేస్త్రి కూతురు అక్కడే ఉంది. 

"చేశావు" అంది మేస్త్రి కూతురు. "చెయ్యవనుకున్నాను. చేస్తే నా కోపం పోతుందనుకున్నాను. పోలేదు. ఇంకా ఎక్కువైంది."

"అనమ్మా. పడతాను."

"నువ్వు పడితే నాకేం ఒరుగుతుంది? మా పనిలో కుంచె ఒకటే ఉంటే తెల్లగోడ ముందు వేసి, నల్లగోడ ఆఖర్న వేస్తాం. నల్ల కుంచె తెల్ల డబ్బాలో ముంచితే డబ్బా మొత్తం పాడవుతుందని నాకు తెలుసు. నువ్వు చేసింది తప్పు కాదు. కానీ ఎన్నాళ్ళు ఒకే కుంచె? రెండోది ఉంటే ఏ గోడా ఆఖరిది కాదు. మా నాన్న ఆఖరివాడు కానక్కర్లేదు."

"అడిగాను. బండి వస్తుందన్నారు, మనుషులు లేరన్నారు."

"నేనున్నాను కదా. పోయిన నెల నాకూ ఆ గొంతు నొప్పి వచ్చి పోయింది. ఈ ఒక్క మంచం దగ్గర ఉంటాను. ఇంకో మంచం ముట్టుకోను. చేత్తో చేసే పని ఏదైనా ఒకసారి చూపిస్తే నాకు వస్తుంది."

బావ ఆమె గొంతు పరీక్ష చేశాడు, రక్తం చూశాడు. ఊరి క్రిమి వచ్చి పోయిన గుర్తు ఉందన్నాడు. అది ఈ ముదురు రకాన్ని కొంత ఆపుతుంది, పూర్తిగా ఆపుతుందని మాత్రం చెప్పలేనని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. మేస్త్రి కూతురు తలూపింది. స్టోరు గదిలో మూలపడి ఉన్న కాలితో తొక్కే పాత మిషను, క్యాంటీన్‌లో ఒక చక్రం సొట్టబోయిన టీ బండి దొరికాయి. ఆమె బండికి ఎర్రరంగు వేసింది. పద్నాలుగో మంచం చుట్టూ నేల మీద నాలుగువేళ్ళ వెడల్పున ఎర్రగీత గీసింది. ఎర్రబండి గీత దాటి బయటికి రాదు, తెల్లబండి గీత దాటి లోపలికి పోదు. మర్నాడు తెల్లవారి ఆరింటికి వార్డులో రెండు బండ్లు ఒకేసారి కదిలాయి. బోర్డు మీద చివరి నంబరు అంటూ ఎవరూ లేరు.

రెండో రోజే పెద్ద డాక్టరు దిగాడు. ఎర్రగీత చూసి ఒంటికాలి మీద లేచాడు.

"ఎవరీమె? బయటి మనిషిని వార్డులో ఎలా పెడతారు?"

"మనుషులు లేరన్నారు కదా సార్. మనిషి వచ్చింది."

"రేపు ఆమెకేమైనా అయితే ఎవరిది జవాబుదారీ?"

గీత లోపలి నుంచి మేస్త్రి కూతురు తల తిప్పకుండానే అంది: "మా నాన్నకు అయినప్పుడు ఈ మాట ఎవరూ అడగలేదండీ."

పెద్ద డాక్టరు ఆమె వైపు చూడలేక బోర్డు సిస్టర్ వైపు తిరిగాడు. "మీకు నోటీసు ఇస్తాను."

"ఇవ్వండి సార్. బోర్డు పక్కన ఫ్రేము ఖాళీగానే ఉంది, అందులో పెట్టిస్తాను."

ఆ మాట సాయంత్రానికి ఆసుపత్రి మొత్తం పాకింది. మర్నాడు ఎనిమిదో వార్డు నర్సు వచ్చి ఎర్రరంగు ఎక్కడ దొరుకుతుందని గుట్టుగా అడిగి వెళ్ళింది. నోటీసు వచ్చింది కూడా. ఆవిడ దాన్ని నిజంగానే ఫ్రేములో పెట్టింది.

అత్తగారు ఎనిమిది రోజులు పోరాడింది. ఆ ఎనిమిది రోజులూ మేస్త్రి కూతురికి విజిల్ పాఠం చెప్పింది. ఒకటి ఆగు, రెండు పోనివ్వు. పొడుగుదానికి పొట్ట నిండా గాలి పట్టాలి, బుగ్గల నిండా కాదు. తను ఊదలేక, సైగలతో చెప్పేది. "మా కోడలికి ఊదడం రాదు. దానికి అరవడమే వచ్చు. నువ్వు నేర్పు" అని ఒకసారి గుసగుసగా అంది. కోడలు రోజూ పని అంతా అయ్యాక, ఒళ్ళంతా కప్పుకుని గీత లోపలికి వెళ్ళి కూర్చునేది. కొడుకు ఓడ మీద నుంచి ఫోనులో మాట్లాడితే అత్తగారు వింటూ కళ్ళతో నవ్వేది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీద పడి ఉండగా, కోడలి చెయ్యి ఒకవైపు, మేస్త్రి కూతురి చెయ్యి ఒకవైపు పట్టుకుని అత్తగారు పోయింది.

కోడలు ఏడ్చింది. గీత లోపల నేల మీద చతికిలబడి, వార్డంతా చూస్తుండగా, పరువూ మర్యాదా చూసుకోకుండా ఏడ్చింది. తర్వాత లేచి దుప్పట్లు, పరుపు కాల్చడానికి పంపించింది. విజిల్‌ను కాల్చబుద్ధి కాలేదు. అరగంట మరిగే నీళ్ళలో ఉడకబెట్టి, చల్లారాక మెడలో వేసుకుంది.

పద్నాలుగో మంచం తర్వాత ఎర్రబండి ఇంకో మంచానికి వెళ్ళాల్సిన అవసరం రాలేదు. మూడు వారాల పాటు బావ రోజూ పళ్ళేలు చూశాడు. అన్నింటిలోనూ వలయం గోటి అంచంతే. వార్డులో చేరినవాళ్ళు నడిచి వచ్చారు, నడిచి వెళ్ళారు. మేస్త్రి కూతురికి రెండు రోజులు గొంతు గరగరలాడి తగ్గిపోయింది.

నాలుగో వారం పైనుంచి అధికారులు వచ్చారు. పెద్ద హాల్లో మీటింగు. నర్సులు, ఆయాలు, ల్యాబువాళ్ళు అందరూ వెనక వరసల్లో కూర్చున్నారు. బోర్డు సిస్టర్ పక్కన మేస్త్రి కూతురు కూర్చుంది. ఆమెను ఎవరు రమ్మన్నారని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పెద్ద డాక్టరు లేచి గొంతు సవరించుకున్నాడు.

"నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. ఏ క్రిమైనా కొంతకాలానికి దానంతటదే మెత్తబడుతుంది. ఆరో వార్డులోనూ సరిగ్గా అదే జరిగింది. మన వైపు నుంచి పెద్దగా..."

ఒక పొడుగు విజిల్ హాలును కోసేసింది. పొట్ట నిండా గాలి పట్టి ఊదిన విజిల్. ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. రాసుకుంటున్నవాళ్ళ కలాలు ఆగాయి. బోర్డు సిస్టర్ నిలబడి ఉంది.

"దానంతటది మెత్తబడలేదు సార్. దానికి మేమే బండి ఇచ్చాం, మేమే మోశాం, మేమే ముదరబెట్టాం. నా రూలుతో ముదిరింది. నోటీసు అందుకు ఇచ్చి ఉంటే తలవంచి తీసుకునేదాన్ని. బండి లాగేసుకున్నాక చచ్చింది. ఆ బండి లాగడానికి మూడో మంచం తొమ్మిదిన్నర దాకా ఆగాల్సి వచ్చింది. పద్నాలుగో మంచం ఆగాల్సి వచ్చింది. దానంతటదే అని రాసుకుంటే, వచ్చే ఏడు ఇంకో జ్వరం వస్తుంది, ఇంకో వార్డులో ఒక్క బండే ఉంటుంది, మీరు మళ్ళీ రెండు వారాలు ఆగమంటారు. అలా రాయనివ్వను. ప్రతి వార్డుకూ రెండో బండి, దానికి వేరే మనిషి అని రాయండి. ఎందుకో కూడా రాయండి. ఆ రెండు మంచాల నంబర్లూ రాయండి."

 పైనుంచి వచ్చిన పెద్దాయన పెద్ద డాక్టరు వైపు చూశాడు. పెద్ద డాక్టరు ఇంక దారి లేక కాగితం తిప్పి కలం తీశాడు. మేస్త్రి కూతురు కూడా లేచి ఆవిడ పక్కన నిలబడింది.

"మూడు" అంది మేస్త్రి కూతురు.

ఆయన రాశాడు.

"పద్నాలుగు" అంది కోడలు.

అదీ రాశాడు. రాసింది పైకి చదివించుకుని, సరిగ్గా ఉందని చూసుకున్నాకే ఆవిడ విజిల్ నోట్లో పెట్టుకుని రెండు పొట్టి విజిళ్ళు వేసింది.